కాదనకూడని గది

మా యూనివర్సిటీ నాటకాల విభాగంలో రిహార్సల్ గదికి ఒక నియమం ఉండేది. ఆ గదిలో "కాదు" అనకూడదు. "వద్దు" అసలే అనకూడదు. ఎవరు ఏ ఆలోచన చెప్పినా "అవును, దానికి తోడు" అని అందుకుని ఇంకో ముక్క కలపాలి. ఒకరు వాన పడుతోందంటే ఇంకొకరు అవును, దానికి తోడు ఇల్లు కురుస్తోంది అనాలి. మరొకరు కురిసేచోట గిన్నెలు తెచ్చి పెట్టాలి. అట్లా కలుపుకుంటూ పోతే నాటకం దానంతటదే పుడుతుందని మా మేడమ్ చెప్పారు. రచయిత ఉండడు, దర్శకుడు ఉండడు, అందరూ కలిసి చేస్తారు, అన్నీ అందరివీ. మొదటి రోజు ఆ మాట విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. నేను బొగ్గుబాయి కాలనీలో పుట్టి, ఖమ్మం కోచింగ్ కాలేజీ హాస్టల్లో పెరిగి, నోరు మూసుకుని వినడమే చదువు అనుకున్నదాన్ని. నా మాటను ఎవరూ కొట్టెయ్యని గది ఒకటి ఉందంటే సంబరంగా ఉండదూ మరి. ఇంకొకళ్ళ మాటను నేనూ కొట్టెయ్యడానికి లేదన్న సంగతి అప్పటికి నా బుర్రకెక్కలేదు.

ఆఖరి సెమిస్టర్లో జట్టుగా ఒక నాటకం తయారుచెయ్యాలి. దానికే మార్కులు. మా జట్టులో నేను తప్ప అందరిదీ హైదరాబాదే. దర్శకుడు లేడన్న మాటే గానీ ఒక గడ్డం అబ్బాయి ఉండేవాడు. గుండ్రంగా కూర్చుంటే ఎవరూ ఎక్కువా కాదు, తక్కువా కాదు అంటారు. అదంతా ఉత్త మాట. అతను ఎక్కడ కూర్చుంటే గుండ్రం అక్కడ మొదలయ్యేది. అతను ఒక ఆలోచన చెప్పడం ఆలస్యం, చుట్టూ "అవును, దానికి తోడు"లు వరసగా పడేవి. నేను చెప్పినదానికి కూడా పడేవి, కానీ తిరిగి తిరిగి అతని దగ్గరికి చేరేసరికి అది అతని ఆలోచన అయిపోయేది.

ఒకరోజు అతను, మీ ఊరి మీదే చేద్దాం అన్నాడు. అవును, దానికి తోడు అడవి. అవును, దానికి తోడు గోదావరి. అవును, దానికి తోడు బొగ్గు. చిటికెలో తేలిపోయింది. నాకూ సంతోషంగానే ఉంది, అబద్ధం ఎందుకు. మా కాలనీ గురించి ఎవరు నాటకం వేస్తారు? అందరం బస్సెక్కి మా ఇంటికి వచ్చాం.

పినపాక దగ్గరి మా బస్ స్టేజీలో దిగగానే ఒక అమ్మాయి అడిగిన మొదటి మాట, అడవి ఎక్కడ అని. రోడ్డుకు అటూ ఇటూ ఉన్నది ఆమె కంటికి ఆనలేదు. క్వార్టర్ల వరసలు, లారీల దుమ్ము, డ్రైనేజీ పక్కన మిర్చిబజ్జీల బండి చూసి వాళ్ళ మొహాలు వాడిపోయాయి. కోయగూడేనికి తీసుకుపో అన్నారు. అక్కడివాళ్ళు ఎందుకొచ్చారు అని వాళ్ళ భాషలోనూ మన భాషలోనూ అడిగితే ఫోటోలు దిగి వచ్చారు. భద్రాచలం పోయి గోదాట్లో కాళ్ళు తడుపుకున్నాక గానీ ప్రాణాలు కుదుటపడలేదు. మా అమ్మ మాత్రం ఇంటికొచ్చిన పిల్లలని సంబరపడి, కోడిని కోసి, కొసరి కొసరి పెట్టింది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మా నాన్న లోపలి గదిలో పడుకుని ఉంటే వీళ్ళు వరండాలో తబలాలు వాయించారు. ఆయన దుప్పటి నెత్తిమీదికి లాక్కున్నాడు.

ఆ వరండాలో కూర్చునే గడ్డం అబ్బాయి మా బాయి సైరన్ ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. షిఫ్ట్ మారేటప్పుడు మోగే సైరన్ అది. మా కాలనీలో గడియారం చూసేవాళ్ళు తక్కువ. సైరన్ మోగితే కుక్కర్ ఎక్కిస్తారు, సైరన్ మోగితే పిల్లల్ని బడికి తరుముతారు. ఆ వేళల్లో అది మోగితే ఎవరూ ఉలిక్కిపడరు. మోగకూడని వేళ మోగిందంటే మాత్రం దానికి ఒకటే అర్థం. బాయిలో ఏదో అయింది. అప్పుడు ఏమైందని ఎవరూ అడగరు. ఆడవాళ్ళు పొయ్యి ఆర్పేసి, ఉన్నవాళ్ళు ఉన్నట్టే బాయి గేటు దగ్గరికి ఉరుకుతారు.

నా చిన్నప్పుడు ఒకసారి అట్లా మోగింది. మా అమ్మ నాకు జడలు వేస్తోంది. ఒక జడ అయింది. రెండోది విప్పి దువ్వుతుండగా మోగింది. దువ్వెన నా జుట్టులోనే వదిలేసి ఆమె పోయింది. నేను సగం తలతో గడపలో కూర్చున్నాను. ఆ రోజు మా నాన్న తిరిగొచ్చాడు. మా వెనక లైన్లో ఉండే ఒకాయన రాలేదు. సాయంత్రం అమ్మ ఆ ఇంటినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నన్ను ముందు కూర్చోబెట్టుకుని రెండో జడ వేసింది. 

ఈ సంగతి నేను రిహార్సల్ గదిలో చెప్పాను. ఎవరి జీవితంలోంచి వాళ్ళు ఒక ముక్క తెచ్చి మధ్యలో పెట్టాలన్నారు, పెట్టాను. జడ ఇచ్చాను, దువ్వెన ఇచ్చాను, మనసారా ఇచ్చాను. అమ్మ వేషం కూడా నాకే వచ్చింది. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకున్న చేత్తోనే గడ్డం అబ్బాయి, అవును, దానికి తోడు సైరన్ అన్నాడు. నా దగ్గర అసలుదే ఉంది అన్నాడు.

నాటకం మొదట మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆడి, తర్వాత యూనివర్సిటీలో ఆఖరి ప్రదర్శన ఇవ్వాలని అప్పటికే అనుకున్నాం.  మా కాలనీలో సైరన్ వద్దు అన్నాను.  ఏదో బూతు మాట నోరు జారినట్టు అందరూ నన్నే చూశారు. గడ్డం అబ్బాయి నవ్వి, అదే మాట "వద్దు" లేకుండా చెప్పు అన్నాడు. ఎట్లా చెప్పను? అవును, దానికి తోడు సైరన్ తీసేద్దాం అన్నాను. పకపకా నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా అమ్మ ఉరికిన ఉరుకు మీకు చెప్పింది మీరు నవ్వడానికా అని అడగాలనిపించింది. కానీ అది కూడా ఒక రకంగా "కాదు" అనడమే కదా, ఆ గదిలో చెల్లదు.

మేడమ్ దాకా పోయింది విషయం. ఆమె మంచిదే, పిల్లలంటే ప్రేమే. కూతురు పుణెలో హాస్టల్లో ఉంటుందని ఫోన్ ఎప్పుడూ టేబుల్ మీద వెల్లకిలా పెట్టుకునేవారు. అది వెలిగితే ఎంతటి పాఠమైనా ఆగిపోయేది. వరండాలోకి పోయి మాట్లాడి వచ్చేవారు. అందులో తప్పేముంది, తల్లి ప్రాణం. కానీ నేను సైరన్ సంగతి చెప్తే, నీకు ఎక్కడ భయం ఉందో అక్కడే నాటకం ఉంది, దాన్ని దాచుకుంటున్నావు అన్నారు. భయం నాది కాదు మేడమ్, మా వాళ్ళది అన్నాను. ఆమె తల ఊపారు, అర్థమైనట్టు. ఏం అర్థమైందో ఆమెకే తెలియాలి.

చివరికి జట్టంతా గుండ్రంగా కూర్చుని, కాలనీ ప్రదర్శనలో సైరన్ ఉండదని ఒప్పుకున్నారు. నీ ఫీలింగ్స్ మాకు ముఖ్యం అని గడ్డం అబ్బాయి నా భుజం తట్టాడు. నేను నమ్మాను.

ప్రదర్శన రోజు మైకులూ లైట్లూ తెచ్చింది మా ఊళ్ళో టెంట్ హౌస్ నడిపే చాచా. వాళ్ళ తాతల నాటినుంచి ఇక్కడి పెళ్ళిళ్ళకూ మీటింగులకూ వాళ్ళే సామాను. నాటకం ఉందని ఊరికి తెలిసేట్టు పాటలు వెయ్యడానికి హాలు బయట హార్న్లు కట్టాడు. నాటకం మొదలయ్యాక వాటిని ఆపేసి లోపలి బాక్సులే పెడతానన్నాడు. మధ్యాహ్నం టెస్టింగ్ చేస్తుంటే గడ్డం అబ్బాయి ఫోన్లోంచి సైరన్ ఒక్క క్షణం బాక్సుల్లో పలికింది. చాచా టక్కున తీగ పీకేశాడు.

"గీ సప్పుడు గిక్కడ వద్దు బాబూ," అన్నాడు.

చూశారా, ఎంత తేలిక. అంత చదువుకుని నేను చెప్పలేకపోయిన మాట ఆయన చెంప గోక్కుంటూ చెప్పేశాడు. పొరపాటున మోగింది అంకుల్, అది నాటకంలో లేదు అన్నాడు గడ్డం అబ్బాయి.

సాయంత్రానికి హాలు నిండింది. జంపఖానాలు పరిచారు, చెప్పులన్నీ గుమ్మం బయట. ఎక్కువ ఆడవాళ్ళే, సెకండ్ షిఫ్ట్కు పోయినవాళ్ళ పెళ్ళాలు, తల్లులు. మా నాన్నదీ సెకండ్ షిఫ్టే. నాటకంలో సైరన్ ఉండదని పొద్దున నేను మాటిస్తే, అమ్మ మా లైను లైనంతా తోలుకొచ్చి ముందు వరసలో కూర్చుంది. నేను ఆమె చీరే కట్టుకుని స్టేజీ మీదికి వచ్చేసరికి, ఆ చీర నాదే అని పక్కావిడతో చెప్పుకోవడం నాకు వినపడింది. పొద్దు గూకాక చాచా, దేన్నీ ముట్టుకోకండి, నమాజుకు పోయి వస్తానని చెప్పి పోయాడు.

నాటకం బాగా నడుస్తోంది. మా వాళ్ళు నవ్వాల్సినచోట నవ్వుతున్నారు. కుక్కర్ సీనుకు చప్పట్లు కొట్టారు. జడ సీను వచ్చింది. కూతురి వేషం వేసిన అమ్మాయి నా ముందు కూర్చుంది. ఒక జడ వేశాను. రెండోది దువ్వుతున్నాను. అక్కడ నేను చెయ్యి ఆపి, దూరంగా చూడాలి. శబ్దం ఏమీ ఉండదు. అంతే మేం అనుకున్నది.

సైరన్ మోగింది. లోపల కాదు, బయట హార్న్లలో, కాలనీ మొత్తానికి వినపడేట్టు.

అది రికార్డని నాకు తెలుసు. తెలిసినా ఒక్క క్షణం నాకు సెకండ్ షిఫ్ట్ తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. ముందు వరసలో అమ్మ లేచింది. ఒక్కరు కూడా అరవలేదు. అట్లాంటప్పుడు మా వాళ్ళు అరవరు. హాలంతా ఒక్కసారే లేచి గుమ్మంలోకి తోసుకుంది. చెప్పుల కోసం ఎవరూ వంగలేదు. నేను పక్కకు చూశాను. తెర వెనక గడ్డం అబ్బాయి, హార్న్ల తీగకు తగిలించిన ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. ఆపకు, చెయ్యి, చెయ్యి అని నాకు సైగ చేస్తున్నాడు. నాకు చెప్పకుండా మోగిస్తే నా మొహంలో నిజం కనపడుతుందని జట్టంతా కలిసి అనుకున్నారట. అందరూ అంటే నేను కాక అందరూ. ఒప్పుకున్నదాన్ని నా వెనక తిప్పేసుకున్నారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు సమష్టి నిర్ణయం. వీళ్ళ సమష్టిలో మన్ను పొయ్య!

స్టేజీ దూకి నేనూ ఉరికాను. నాటకం, అది నాటకం అని అరుస్తూనే ఉన్నాను. ఎవరు వింటారు? నాటకానికి రాకుండా ఇళ్ళలో ఉన్నవాళ్ళు కూడా బయటపడ్డారు. పసిపిల్లల్ని చంకనేసుకుని కొందరు, పిండి చేతులతో కొందరు. కంకర రోడ్డు మీద వట్టి కాళ్ళతో పోతున్నారు. మా పక్క క్వార్టర్ ముసలామె పడి మోకాలు పగిలితే, ఆమెను లేపి నేను చేరేసరికి గేటు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. గేటు మనిషి, ఏం కాలేదమ్మా, మేం సైరన్ కొట్టలేదు అని మొత్తుకుంటున్నాడు. నమ్మడం లేదు. నిజంగా ఏదైనా అయినప్పుడు కూడా మొదట అట్లాగే అంటారు కదా. అతను లోపలికి ఫోన్ చేసి, బాయిలో అంతా మంచిగుందని కిందివాళ్ళ చేత గట్టిగా చెప్పించాక గానీ జనం నెమ్మదించలేదు. అప్పుడు ఎవరో, హాల్ల నాటకపోళ్ళు కొట్టిండ్రంట అన్నారు.

అందరూ తిరిగి నన్ను చూశారు. అమ్మ కూడా చూసింది. ఆమె చీర కట్టుకుని, చేతిలో దువ్వెనతో నేను. తిట్టినా బాగుండేది.  మట్టి మీద కూర్చుండిపోయి కాసేపు ఊపిరి పీల్చుకుని, లేచి హాలు వైపు నడిచింది.

హాల్లోకి వెళ్ళేసరికి అక్కడ ఇంకో ఘనకార్యం జరుగుతోంది. గుమ్మం బయట వదిలేసిన చెప్పులన్నీ ఏరుకొచ్చి, స్టేజీ మీద వరసగా పేర్చి, వాటి మీద లైటు వేసి మా జట్టువాళ్ళు ఫోటోలు తీస్తున్నారు. ఆడవాళ్ళు కాళ్ళకు రక్తాలతో వస్తుంటే, వీళ్ళు చెప్పులకు లైటు సరిచేస్తున్నారు. మా అమ్మ చెప్పులు, తెగితే వైరు చుట్టుకున్నవి, ముందు వరసలో మెరుస్తున్నాయి. ఆమె వాటిని చూసింది. తర్వాత గడ్డం అబ్బాయి దగ్గరికి పోయి చెయ్యి చాపింది.

"బిడ్డా, నీ ఫోను ఒకసారి ఇయ్యి," అంది.

"ఎందుకు ఆంటీ?"

"మీ అమ్మకు చేస్త. మీ పిల్లగానికి దెబ్బ తాకింది, దవాఖానల ఉన్నడు, జల్ది రండ్రి అని జెప్పి పెట్టేస్త. ఆమె ఉరికొచ్చినంక, నాటకం అమ్మా అని జెప్త. ఇయ్యి."

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అది వేరు ఆంటీ అన్నాడు. ఏంది వేరు అని అడిగింది అమ్మ. గొంతు కూడా పెంచలేదు. అతను అడుగు వెనక్కి వేశాడు. అమ్మ స్టేజీ మీదినుంచి తన చెప్పులు తీసి, వేసుకోకుండా చేతుల్లో పట్టుకుని ఇంటికి పోయింది. ఆమె వెనకే మిగతావాళ్ళు వచ్చి ఎవరి చెప్పులు వాళ్ళు తీసుకున్నారు. నమాజు నుంచి వచ్చిన చాచా తీగలు చుట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున మా నాన్న చాయ్ తాగుతూ, నాటకం మస్తుగుందంట గద, ఊరు ఊరంత ఉరికిందంట అని నన్ను ఆట పట్టించాడు. అమ్మ నవ్వలేదు. నాకు చాయ్ పోసి గ్లాసు నా ముందు పెట్టింది. మీ నాటకంల ఆ సైరన్ మళ్ల ఉంటదా అని అడిగింది. ఉండదమ్మా అన్నాను. నిన్న గూడ గట్లనే అంటివి అంది.

బస్సులో హైదరాబాద్ పోయేదాకా మా జట్టుది ఒకటే సంబరం. ప్రేక్షకుల స్పందన అంటే అదీ, హాలు గోడలు బద్దలయ్యాయి అంటాడొకడు. చెప్పుల ఫోటోలు గ్రూపులో పెట్టి గుండె బొమ్మలు పంపుకున్నారు. నేను కిటికీ పక్కన పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. కొత్తగూడెం దాటాక గడ్డం అబ్బాయి నా పక్కకొచ్చి, ఆఖరి ప్రదర్శనలో కూడా సైరన్ మోగిద్దాం, నువ్వు మీ అమ్మలాగా ప్రేక్షకుల మధ్యనుంచి ఉరకాలి, మీ అమ్మను అడిగి ఒక బస్తాడు పాత చెప్పులు తెప్పించు అన్నాడు. వాడి మొహం మీద ఉమ్మెయ్యాలనిపించింది. మీ అమ్మవి తే అన్నాను. అతను నొచ్చుకున్నాడు. నేను వ్యక్తిగతంగా తీసుకుంటున్నానట. మా అమ్మ కాళ్ళు, మా నాన్న ప్రాణం, నేను వ్యక్తిగతంగా తీసుకోకూడదట.

ఆఖరి ప్రదర్శనకు ముందు వైవా. అదే రిహార్సల్ గది. మేడమ్, బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి ఒకాయన టేబుల్ వెనక కూర్చున్నారు. మేడమ్ ఫోన్ ఎప్పటిలాగే వెల్లకిలా ఉంది. మా వాళ్ళు ఒక్కొక్కరే చెప్పారు. ప్రేక్షకులే పాత్రధారులైపోయారనీ, నాటకానికీ జీవితానికీ మధ్య గీత చెరిగిపోయిందనీ చెప్పారు. ముసలామె మోకాలి సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన రాసుకుంటున్నాడు. మేడమ్ కళ్ళు చెమర్చాయి. చివరికి నా వంతు వచ్చింది. ఈ ప్రక్రియలో నువ్వేం నేర్చుకున్నావు, ఇంత మౌనంగా ఉన్నావేంటి అని మేడమ్ మెల్లగా అడిగారు.

ఏడుపొస్తోంది, కోపమొస్తోంది. ఏడిస్తే ఇంకో సీను అనుకుంటారు. అందుకని లేచి టేబుల్ దగ్గరికి పోయాను. మా అమ్మ హాల్లో ఒక మాట అడిగింది మేడమ్, దానికి మా జట్టులో ఎవరూ జవాబు చెప్పలేదు, అది మిమ్మల్ని అడగనా అన్నాను. అడుగు అన్నారు. నేను చెయ్యి చాపాను.

"మీ ఫోన్ ఒకసారి ఇవ్వండి మేడమ్. పుణెలో మీ అమ్మాయికి చేస్తాను. మీ అమ్మకు యాక్సిడెంట్ అయింది, ఆసుపత్రిలో ఉంది అని చెప్పి పెట్టేస్తాను. తను బస్సెక్కాక మళ్ళీ చేసి నాటకం అని చెప్తాను."

మేడమ్ చెయ్యి ఫోన్ మీద పడింది. దాన్ని గబుక్కున దగ్గరికి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"వద్దు," అన్నారు.

ఆ గదిలో ఆ మాట చెల్లడం అదే మొదటిసారి. ఎవరూ నవ్వలేదు. వద్దు లేకుండా చెప్పండి అని ఎవరూ అనలేదు.

"నేనూ అదే అన్నాను మేడమ్," అన్నాను. "ఇక్కడే నిలబడి."

గడ్డం అబ్బాయి గొంతు సవరించుకుని, అవును, దానికి తోడు, అని మొదలుపెట్టబోయాడు. మేడమ్ అతనివైపు చూడనైనా చూడకుండా, సైరన్ తీసెయ్యమన్నారు.